2029 దాకా బెబ్బులి

కెనడాలో తెలుగుజాతి భవిష్యత్తు ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో ఉందని మా అధ్యక్షులు శ్రీ ఆంజనేయప్రసాద్ గారు 2024 ఉగాది సభలో ప్రకటించారు. ఆ సమయానికి హాల్లో ఉన్న మూడువందల మందీ భోజనాల వరసలో నిలబడి ఉన్నందువల్ల ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఏకగ్రీవంగా ఆమోదించినట్టు మినిట్స్‌లో రాశాను.

నా పేరు భరద్వాజ్. మిల్టన్‌లో టౌన్‌హౌస్, టొరంటోలో ఒక బ్యాంకులో ఐటీ ఉద్యోగం, వారానికి మూడు రోజులు రైలు ప్రయాణం. ఇవి కాక బృహత్ బ్రాంప్టన్ తెలుగు మహాసమాఖ్యకు కార్యదర్శిని. కార్యదర్శి అంటే ప్రసాద్ గారు మాట్లాడినవి రాయాలి, మాట్లాడబోయేవి టైపు చేయాలి. ఆ అవకాశం దొరకడం నా పూర్వజన్మ సుకృతం. మా సంఘం పేరులో ‘బృహత్’ ఎందుకని కొందరు అడుగుతుంటారు. ‘గ్రేటర్’ అనే మాటను జనార్ధనరావు గారు ముందే పట్టుకుపోయి గ్రేటర్ బ్రాంప్టన్ తెలుగు సంఘం పెట్టేసుకున్నారు. మాకు సంస్కృతం తప్ప వేరే దారి మిగల్లేదు.

నిజానికి ప్రసాద్ గారు కోరుకున్నది క్రికెట్టే. సిటీ వెబ్‌సైట్‌లో చూస్తే క్రికెట్ మైదానాలన్నీ ఎప్పుడో బుక్ అయిపోయాయి. వాటిలో నాలుగు జనార్ధనరావు గారి పేరు మీదే ఉన్నాయి. ప్రసాద్ గారికి కడుపు మండిపోయింది. దరఖాస్తులో ఆట పేరు ఎంచుకునే చోట, అక్షరక్రమంలో ఆర్చరీ కింద ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ కనిపించింది. ఆస్ట్రేలియావాళ్లు ఆడే మామూలు ఫుట్‌బాలే కాబోలని నొక్కేశారు. పది నిమిషాల్లో ఓ పెద్ద మైదానం ఆదివారం మధ్యాహ్నాలన్నిటికీ మాకు రాసిచ్చేశారు.

మర్నాడు నేను ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది.

"భరద్వాజ్ గారూ, బంతి గుండ్రంగా లేదండీ."

"ఏ బంతండీ?"

"మన బంతే. కోడిగుడ్డులా ఉంది. చేత్తో పట్టుకోవచ్చట, కాలితో తన్నొచ్చట, పిడికిలితో గుద్దొచ్చట. జట్టుకు పద్దెనిమిది మంది. ఇటు నాలుగు స్తంభాలు, అటు నాలుగు. మధ్య స్తంభాల్లోంచి పోతే ఆరు పాయింట్లు."

"పక్క స్తంభాల్లోంచి పోతే?"

"ఒక పాయింటు. గురి తప్పినా పాయింటిస్తారండీ! ఇంత ప్రజాస్వామికమైన ఆటను నా జీవితంలో చూడలేదు."

ప్రసాద్ గారు వృత్తిరీత్యా రియల్ ఎస్టేట్ ఏజెంటు. బేస్‌మెంట్ల గురించి బ్రాంప్టన్‌లో ఆయనకు తెలిసినంత బేస్‌మెంట్లలో ఉండేవాళ్లకు కూడా తెలియదు. అంతటి మేధావి కాబట్టే వారంపాటు యూట్యూబ్ చూసి, ఆట సంగతి పక్కనపెట్టి, ఆటగాళ్ల ఒప్పందాల సంగతి పట్టుకున్నారు.

"అక్కడ ఆట కంటే ముందు లిస్టండీ," అన్నారు నన్ను ఇంటికి పిలిపించి. "లిస్టులో ఉన్నవాడే ఆటగాడు. లిస్టు ఎవరి చేతిలో ఉంటే క్లబ్బు వాళ్లది. ఇంకో విశేషం చెప్పనా? ఓడిపోతున్న క్లబ్బును ఓడిపోతోందని ఎవరూ అనరు. లిస్టు రీబిల్డింగ్‌లో ఉంది అంటారు. ఐదారేళ్లు ఒక్కడూ నోరెత్తడు. మనవాళ్లు ఇన్నేళ్లు రాజకీయాలు చేశారు, ఈ మాట ఒక్కడికీ తట్టలేదేమండీ!"

వారి శ్రీమతి బాలత్రిపురసుందరి గారు కాఫీ తెచ్చి పెడుతూ, "ఆ లిస్టు పార్టీవాళ్లు అడిగింది ఆటకు కాదు కదండీ, టికెట్టుకు కదా," అన్నారు.

ఆవిడ చెప్పింది నిజమే. మా సంఘమున్న నియోజకవర్గంలో ఒక పార్టీ వచ్చే ఎన్నికలకు అభ్యర్థిని వెతుక్కుంటోంది. టికెట్ ఎవరికివ్వాలో స్థానిక పార్టీ సభ్యులే ఓటేసి తేలుస్తారు. సభ్యుడు కావడానికి పౌరసత్వం అక్కర్లేదు, నియోజకవర్గంలో నివాసం ఉంటే చాలని ఆ పార్టీ నియమం. పోటీలో ఇద్దరున్నారు. ఒకరు ప్రసాద్ గారు, రెండోవారు మళ్లీ ఆ జనార్ధనరావు గారే. ఎవరి లిస్టు పొడవైతే టికెట్ వారిది. సెప్టెంబరు ఇరవైరెండు ఆదివారం ఓటింగ్.

"ఆటా కావాలి, ఓటూ కావాలి," అన్నారు ప్రసాద్ గారు. "క్రీడాస్ఫూర్తి అంటే అదే."

పోస్టరు నేనే తయారుచేశాను. ‘బ్రాంప్టన్ బెబ్బులి ఫుట్‌బాల్ క్లబ్. లిస్టు రీబిల్డింగ్ మొదలైంది. ఫ్రీ ఏజెంట్లకు స్వాగతం. ట్రేడ్స్ కూడా చూడబడును. ఆదివారం రెండు గంటలకు మైదానంలో.’ ఆ ఆటలో ఫ్రీ ఏజెంటు అంటే పాత కాంట్రాక్టు తీరిపోయి, నచ్చిన క్లబ్బులో చేరగలిగే ఆటగాడు. ట్రేడ్ అంటే క్లబ్బులు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకోవడం. యూట్యూబ్‌లో అలాగే చెప్పారు.

కానీ ఇక్కడికి చదువుకోవడానికొచ్చిన మన విద్యార్థుల నిఘంటువులో ఏజెంటు అనే మాటకు ఒకటే అర్థం. అమీర్‌పేటలో లక్షలు పుచ్చుకుని, కాలేజీ ఫోటో చూపించి, విమానం ఎక్కించి, ఆ తర్వాత ఫోన్ ఎత్తనివాడు. కాబట్టి ఫ్రీ ఏజెంటు అంటే ఫీజు తీసుకోని ఏజెంటు. ఇక ట్రేడ్స్ అంటే వెల్డర్లకీ ప్లంబర్లకీ పీఆర్, అంటే శాశ్వత నివాసం ఇచ్చే కేటగిరీ. సాయంత్రానికల్లా హామిల్టన్ దాకా ఉన్న వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్: ‘బ్రాంప్టన్ల ఫ్రీ ఏజెంట్ దిగిండంట. ట్రేడ్స్ కేటగిరీ కూడ చూస్తడంట. ఒరిజినల్స్ పట్టుకొని రాండ్రి.’

ఆదివారం రెండు గంటలకు నాలుగువందల పన్నెండు మంది వచ్చారు. అందరి చేతుల్లో ప్లాస్టిక్ ఫైళ్లు. మార్కుల మెమోలు, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు. కొందరు గిడ్డంగి షిఫ్టు నుంచి నేరుగా మునివేళ్ల దగ్గర ఇనుప రేకున్న బూట్లతోనే వచ్చారు. ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి, "అంకుల్, స్పౌజ్ వర్క్ పర్మిట్ కూడా ఫ్రీయేనా?" అని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. నాకు నలభైమూడేళ్లు, నన్ను అంకుల్ అన్నదని బాధపడుతూ ప్రశ్న సరిగా వినలేదు.

ఆ జనాన్ని చూసి ప్రసాద్ గారి కళ్లు చెమర్చాయి. "మన జాతిలో క్రీడాభిమానం చచ్చిపోలేదండీ," అన్నారు. మైకు తీసుకుని నలభై నిమిషాలు మాట్లాడారు. ఇమిగ్రేషన్ అనే మాట ఒక్కసారి కూడా అనలేదు. అలాగని కాదు అని కూడా ఒక్కసారీ అనలేదు. ఆ సంయమనం ఎంతమందికి ఉంటుంది?

ముందు వరసలో నిలబడిన ఒకతను చెయ్యెత్తాడు. పొడుగ్గా, ఎండకు కమిలిన ముఖం, భుజాన బ్యాగు.

"సార్, ఫ్రీ ఏజెంట్ ఎవరు సార్?"

"నువ్వే బాబూ! ఇక్కడున్న ప్రతివాడూ ఫ్రీ ఏజెంటే!"

అతను వెనక్కి తిరిగి చూశాడు. "నేనెట్ల సార్? నాకే ఎవలన్న దొరుకుతరేమో అని వచ్చిన."

"దొరికారు. మేమే దొరికాం. పేరేంటి?"

"పాండురంగ సార్. మాది జగిత్యాల దిక్కు."

"సంతకం పెట్టు పాండురంగా. ఇవాళ్టి నుంచి నువ్వు బెబ్బులివి."

సంతకం పెట్టినవాళ్లకు బిర్యానీ డబ్బా ఇస్తామని ప్రకటించాక మూడువందల ఆరుగురు బెబ్బులులయ్యారు. కాంట్రాక్టు మూడు పేజీలు. మొదటి పేజీలో ఫోటో. రెండో పేజీలో నిబంధనలు. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక ఆస్ట్రేలియా ఒప్పందంలో మెల్‌బోర్న్ ఉన్నచోటల్లా బ్రాంప్టన్ అని మార్చాను. ఒకచోట తప్పిపోయింది. అందువల్ల మాకూ ఆటగాళ్లకూ వివాదాలొస్తే మెల్‌బోర్న్ కోర్టులోనే తేల్చుకోవాలి. గడువు డిసెంబరు 2029 దాకా. ఈలోగా క్లబ్బు రాతపూర్వకంగా రిలీజ్ చేస్తే తప్ప ఒంటారియోలో ఇంకే సంస్థకూ ఆటగాడు తన సేవలు అందించరాదు. మూడో పేజీ పార్టీ సభ్యత్వ దరఖాస్తు. అడుగున బంగారు రంగు సీలు ఒకటి అంటించాం, డాలర్ షాపులో దొరికేది.

పాండురంగ ఆ సీలును బొటనవేలితో మెల్లగా రుద్ది చూశాడు. "గవర్నమెంట్‌ల రిజిస్టర్ ఉంటదా సార్ ఇది?" అన్నాడు.

"మరి సీలు ఊరికే వేస్తామా?" అన్నారు ప్రసాద్ గారు.

పాండురంగ కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఊళ్లో మెకానికల్ డిప్లొమా, ఇక్కడ రెండేళ్ల కాలేజీ, బ్రాంప్టన్‌లో ఐదుగురితో కలిసి బేస్‌మెంటు, గిడ్డంగిలో ప్యాకింగు. వర్క్ పర్మిట్ అక్టోబరు పదిహేనుతో ఆఖరు. ఈలోపు సరైన ఉద్యోగం దొరికి, ఆ కంపెనీ కాగితం ఇస్తే ఉంటాడు, లేదంటే సంచీ సర్దుకోవాలి. మా మూడువందల ఆరుగురిలో ప్రాక్టీసుకు క్రమం తప్పకుండా వచ్చినవాడు అతనొక్కడే. మిగతావాళ్లు బిర్యానీ ఉన్న వారాల్లో వచ్చేవారు.

జూన్‌లో హామిల్టన్ జట్టుతో మొదటి మ్యాచ్. మావాళ్లలో ఏడుగురు బ్యాగులు భుజాన వేసుకునే ఆడారు, ఆట మధ్యలోనే షిఫ్టుకు పోవాలి కాబట్టి. పాండురంగ జిల్లాకు కబడ్డీ ఆడినవాడు. మొదటి రెండు నిమిషాలు అలవాటు కొద్దీ కబడ్డీ కబడ్డీ అంటూనే పరిగెత్తాడు. ఆ తర్వాత ఆట పట్టుకున్నాడు. తనకంటే జానెడు పొడుగున్నవాళ్ల భుజాల మీదుగా ఎగిరి బంతి అందుకుంటుంటే హామిల్టన్ వాళ్లే చప్పట్లు కొట్టారు.

హామిల్టన్ నూట నలభై ఒకటి, బెబ్బులి ఏడు. ఆ ఏడింట్లో ఆరు పాండురంగవి. మిగిలిన ఒక్కటి హామిల్టన్ వాళ్లు పొరపాటున తమ స్తంభాల్లోంచే కొట్టుకుని మాకిచ్చారు.

"రీబిల్డింగ్ అద్భుతంగా సాగుతోంది," అని ప్రసాద్ గారు వీడియో సందేశం ఇచ్చారు.

హామిల్టన్ కోచ్ తెలుగువాడే కావడం మాకు ఆశ్చర్యం. విశ్వనాథం. అరవై దగ్గర పడ్డ మనిషి. అనకాపల్లి నుంచి మెల్‌బోర్న్ వెళ్లి పదేళ్లుండి, అక్కణ్నుంచి హామిల్టన్ వచ్చి, ఒక స్టీలు షాపులో మెయింటెనెన్స్ చూస్తున్నాడు. ఆటయ్యాక సరాసరి మా దగ్గరికొచ్చాడు.

"మీవాడికి ఆటొచ్చు. మీకు రాదు," అన్నాడు ప్రసాద్ గారితో. ప్రసాద్ గారు మొదటి వాక్యానికి మాత్రం కృతజ్ఞతలు చెప్పారు.

తర్వాత పాండురంగను పక్కకు పిలిచాడు. "ఏం చదివావురా అబ్బాయ్?"

"మెకానికల్ సార్."

"చేతులు చూపించు." చూశాడు. "మా షాపులో మిషన్లు రిపేరు చేసే పని ఉంది. మనిషి కోసం నాలుగు నెలలుగా చూస్తున్నాం. పర్మిటుకు కాగితం కంపెనీయే ఇస్తుంది, తర్వాత పీఆర్‌కూ ఇస్తుంది. వస్తావా?"

పాండురంగ తలూపాడు. ఆ తర్వాత మైదానం అవతలికి పోయి ఇంటికి ఫోన్ చేస్తూ చాలాసేపు అటూ ఇటూ నడిచాడు. నాకూ సంతోషమేసింది, అబద్ధమెందుకు చెప్పాలి.

ఇంటర్వ్యూ, టెస్టు, డాక్టరు పరీక్ష అన్నీ ఆగస్టుకల్లా గడిచాయి. చివర్లో కంపెనీ హెచ్ఆర్ వాళ్లు ఒక ఫారం ఇచ్చారు. అందులో పదకొండో ప్రశ్న: ‘మీరు ప్రస్తుతం వేరే ఏ సంస్థతోనైనా కాంట్రాక్టులో ఉన్నారా?’

ఈ దేశంలో లక్షమంది ఆ ప్రశ్నకు చూడకుండానే ‘లేదు’ అని టిక్కు పెట్టి ఉంటారు. పాండురంగ ‘ఉన్నాను’ అని పెట్టాడు. మా కాంట్రాక్టు కాపీ, బంగారు సీలు కలరులో వచ్చేలా ప్రింటు తీయించి, జత చేశాడు.

హెచ్ఆర్ వాళ్లు సీలు చూశారు. ఒంటారియోలో ఇంకే సంస్థకూ సేవలు అందించరాదన్న వాక్యం చదివారు. సెప్టెంబరు ముప్పైలోగా ఆ సంస్థ నుంచి రిలీజ్ లెటర్ తెమ్మన్నారు. తెస్తేనే ఉద్యోగం.

విశ్వనాథం తల పట్టుకున్నాడట. "ఒరే, అది కాంట్రాక్టు కాదురా, బిర్యానీ రసీదు! లేదని రాస్తే అయిపోయేది కదరా!"

"సంతకం పెట్టిన కద సార్. పెట్టలేదని ఎట్ల రాస్త? రేపు తప్పుడు సమాచారమిచ్చిన, మిస్‌రిప్రజెంటేషన్ అంటే ఐదేండ్ల బ్యాన్ పడ్తది."

మా విద్యార్థులకు దేవుడి మీద భయం తగ్గింది కానీ ఆ మాట మీద భయం మాత్రం తగ్గలేదు. ఒక ఏజెంటు దొంగ కాగితం పెట్టిన పాపానికి పాండురంగ రూమ్మేటు ఒకతను అప్పటికే వెనక్కి వెళ్లిపోయాడు.

సెప్టెంబరు మొదటి శనివారం పాండురంగ ప్రసాద్ గారింటికి వచ్చాడు. నేనక్కడే ఉండి ఓటర్లను తీసుకెళ్లే కార్ల పట్టిక వేస్తున్నాను.

"సార్, నాలుగు లైన్లు చాలు సార్. రిలీజ్ చేసినమని."

ప్రసాద్ గారు అతన్ని కూర్చోబెట్టి భుజం మీద చెయ్యేశారు. "బాబూ, నువ్వు మా లిస్టుకు గుండెకాయవి. గుండెకాయను ఎవరన్నా రిలీజ్ చేస్తారా?"

"కొలువు పోతది సార్."

"ఓటింగ్ ఇరవైరెండున. నువ్విప్పుడు హామిల్టన్ వెళ్తే అడ్రస్ మారుతుంది. అడ్రస్ మారితే ఓటు పోతుంది. పైగా నీకొక్కడికిస్తే రేపు మూడొందల మంది గుమ్మంలో నిలబడతారు. ఇరవైమూడో తేదీ పొద్దున్నే రా, నా చేత్తో ఇస్తా. నీకు ముప్పై దాకా ఉందిగా?"

"ఉంది సార్."

"మరింకేం!"

అతను వెళ్లాక బాలత్రిపురసుందరి గారికి కోపం ఆగలేదు. "నాలుగు ముక్కలు రాసిస్తే మీ సొమ్మేం పోయిందండీ? పిల్లాడి బతుకు కదా!"

"నీకు లిస్ట్ మేనేజ్‌మెంట్ తెలీదు," అన్నారు ప్రసాద్ గారు.

"నాకు సిగ్గు తెలుసు," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. ఈ వాక్యాన్ని మినిట్స్‌లో రాయలేదు.

ఇంతలో జనార్ధనరావు గారు దెబ్బ కొట్టారు. ఆయన క్రికెట్ క్లబ్బులో చేరినవాళ్లకు బిర్యానీతో పాటు డబల్ కా మీఠా కూడా పెడుతున్నారన్న వార్త బేస్‌మెంట్ బేస్‌మెంట్‌కూ పాకింది. వారంలో మావాళ్లు ఎనభై మంది అటు దూకారు. అటునుంచి అరవైమంది మా దగ్గరికి వచ్చారు, మా బిర్యానీలో ముక్కలు పెద్దవని. కొందరు శనివారం అక్కడా ఆదివారం ఇక్కడా తింటున్నారని నిఘావర్గాల సమాచారం.

ఇలాగైతే లిస్టులు పాడైపోతాయని ఇద్దరు నాయకులూ ఒక కాఫీ షాపులో సమావేశమయ్యారు. జాతి ప్రయోజనాల కోసం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం మా సంఘాల చరిత్రలో అదే మొదటిసారి. నేను లెటర్‌ప్యాడ్ పట్టుకుని కూర్చున్నాను.

"మా గుంటూరు పిల్లలు ముప్పైమంది మీ దగ్గరున్నారు," అన్నారు ప్రసాద్ గారు. "ఇచ్చేయండి. మీ ఖమ్మంవాళ్లను ఇస్తాను."

"కార్లున్నవాళ్లెంతమంది?" అన్నారు జనార్ధనరావు గారు.

"తొమ్మిది."

"ఫుల్ జీ లైసెన్సా, జీ టూనా?" ఒంటారియోలో జీ అంటే పూర్తి డ్రైవింగ్ లైసెన్సు, జీ టూ అంటే దానికి ఒక మెట్టు కింద.

"ఇద్దరికి జీ. మిగతా జీ టూ."

"అయితే లెక్క కుదర్దండీ. జీ ఒకడికి జీ టూ ఇద్దరు. జీ టూ ఒకడికి బస్సుపాసువాళ్లు ఐదుగురు. అదీ మార్కెట్టు."

"బస్సుపాసువాళ్లది ఓటు కాదా?"

"ఓటే. కానీ ఆదివారం బస్సు అరగంటకోటి. ఓటింగు మూడింటికి ముగుస్తుంది."

రెండు గంటల చర్చల తర్వాత ఒప్పందం కుదిరింది. పాండురంగకు కారు లేదు, లైసెన్సూ లేదు. అతని పేరు ఎటువైపూ చర్చకు రాలేదు.

సెప్టెంబరు ఇరవై, శుక్రవారం మధ్యాహ్నం. పార్టీ నుంచి ఇద్దరికీ ఒకే ఈమెయిల్ వచ్చింది. స్థానిక సభ్యుల ఉత్సాహానికి అధిష్ఠానం ఎంతో ముగ్ధమైంది. అందువల్ల ఓటింగ్ రద్దు. ఒక రిటైర్డ్ ఐస్ హాకీ ఆటగాణ్ని అభ్యర్థిగా నేరుగా నియమించడమైనది. అందరూ ఆయనను గెలిపించగలరు.

ప్రసాద్ గారు ఆ ఈమెయిల్ మూడుసార్లు చదివారు. తర్వాత ఆ మహానుభావుడు తేరుకున్న తీరు చూసి తీరాలి. సాయంత్రం ఐదింటికి అభ్యర్థికి శుభాకాంక్షలు చెబుతూ ప్రకటన ఇచ్చారు. ఆరింటికి అత్యవసర సమావేశం పెట్టి బెబ్బులి క్లబ్బును రద్దు చేశారు. సమావేశానికి వారూ నేనూ హాజరయ్యాం.

ఇరవైమూడో తేదీ పొద్దున ఎనిమిదింటికి పాండురంగ వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. చేతిలో స్వీట్ల డబ్బా.

"సార్, లెటర్."

"ఏ లెటర్ బాబూ?"

"రిలీజ్ లెటర్ సార్. క్లబ్బు నుంచి."

"క్లబ్బు రద్దయింది కదా."

పాండురంగ ముఖం వెలిగింది. "అయితే కాంట్రాక్ట్ పోయినట్టేనా సార్?"

"అదెలా పోతుంది? 2029 దాకా ఉంది."

"మరి లెటర్?"

"లేని క్లబ్బు లెటర్ ఎలా ఇస్తుంది బాబూ? నువ్వే ఆలోచించు, చదువుకున్నవాడివి." ప్రసాద్ గారు గొంతు తగ్గించారు. "పైగా కంపెనీవాళ్ల దగ్గరికి నా సంతకంతో కాగితం వెళ్తే, రేపు ఇమిగ్రేషన్ వాళ్లొచ్చి ఈ మూడొందల కాంట్రాక్టులేంటని అడిగితే? నేను నీ మంచికే చెబుతున్నా."

పాండురంగ నా వైపు చూశాడు. క్లబ్బు లెటర్‌హెడ్ నా ల్యాప్‌టాప్‌లో ఉంది. నాలుగు లైన్లు టైపు చేయడానికి నాకు రెండు నిమిషాలు చాలు. కానీ రద్దయిన సంస్థ పేరు మీద కాగితం పుట్టించడం నైతికంగా తప్పు. పైగా మా వీధిలో ప్రసాద్ గారు నాకో పెద్ద ఇల్లు చూస్తున్నారు. నేను కార్ల పట్టిక చించే పనిలో పడ్డాను.

స్వీట్ల డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. కాజు బర్ఫీ. చాలా బాగుంది.

అక్టోబరు పధ్నాలుగున పాండురంగ విమానం ఎక్కాడు. ఎయిర్‌పోర్టులో దింపింది నేనే. ఆ మాత్రం మానవత్వం లేకపోతే సంఘసేవ ఎందుకు? దారిలో ఒక్కటే అడిగాడు. "అన్నా, హామిల్టన్ సార్‌ల టీమ్ మొన్న గెలిచిందా?" గెలిచిందని చెప్పాను. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

నవంబరులో మా దీపావళి సభకు విశ్వనాథం పిలవకుండానే వచ్చాడు. సమోసాల దగ్గర ప్రసాద్ గారిని నిలబెట్టి జేబులోంచి ఒక ప్రింటు తీశాడు.

"మా హెచ్ఆర్ వాళ్లు ఫైలు మూసేస్తూ ప్రభుత్వ రిజిస్ట్రీలో వెతికారు. మీ బెబ్బులి క్లబ్బు అందులో లేదు. రద్దయినట్టు కూడా లేదు. అసలు ఎప్పుడూ రిజిస్టరే కాలేదు. ఆ కాంట్రాక్టు పుట్టినరోజు నుంచీ చెల్లదు. లెటరే అక్కర్లేదు. ఈ మాట మీరు ఆ రోజే చెప్పుంటే వాడిప్పుడు నా షాపులో ఉండేవాడు!" వేలు తన వైపే తిప్పుకున్నాడు. "ఆ ప్రింటు నేనే ముందు తీసుండాల్సింది. నా బుద్ధి ఏ గడ్డి తిందో."

చుట్టూ జనం చేరారు. బాలత్రిపురసుందరి గారు భర్త ముఖంలోకే చూస్తున్నారు. ఇంకొకరైతే ఆ క్షణంలో తడబడేవారు. ప్రసాద్ గారు చేతిలోని సమోసా కింద పెట్టి, మూతి తుడుచుకుని, గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా! మా పిల్లలను ఏ కాగితమూ కట్టిపడెయ్యకూడదనే ఉద్దేశంతోనే నేను ఆ క్లబ్బును రిజిస్టర్ చేయలేదు!"

హాలంతా చప్పట్లు. విశ్వనాథం ఆ ప్రింటు సమోసాల పళ్లెం పక్కన పడేసి, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. ఆయనకు మా సంఘం మర్యాదలు తెలియవు.

నిన్న పాండురంగ నుంచి వాట్సాప్ మెసేజ్ వచ్చింది.

‘అన్నా బాగున్నరా. ఇక్కడ పటాన్‌చెరుల ఒక కంపెనీల సెలెక్ట్ అయిన. ఫారంల వేరే కాంట్రాక్ట్ ఏమన్న ఉందా అని అడిగిన్రు. 2029 దాకా ఉందని రాసిన. రిలీజ్ లెటర్ తెమ్మంటున్నరు. నెలాఖరు దాకా టైం ఇచ్చిన్రు. జర సార్‌కు గుర్తు చెయ్యండి అన్నా.’

నేను ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా దాన్ని ప్రసాద్ గారికి ఫార్వర్డ్ చేశాను. ఆయన జోడించిన చేతుల బొమ్మ పంపారు. దాన్ని పాండురంగకు ఫార్వర్డ్ చేశాను.